యముడి దిక్కున గాలి బాగుంటుంది

మన హేతువాద మిత్రుల్లో కొందరు వాస్తు దగ్గరికి వచ్చేసరికి కాస్త మెత్తబడిపోతుంటారు. జాతకాలను చీల్చి చెండాడతారు, బాబాలను వదిలిపెట్టరు. వాస్తు అనగానే మాత్రం "పోనిద్దురూ, అందులో గాలీ వెలుతురూ గురించి ఏదో కొంత ఉంది, ఎవరి ఇల్లు వాళ్ళిష్టం, మనకేం నష్టం?" అంటారు. ఈ రాయితీ ఇవ్వకూడదనేదే నా వాదన. సొంత స్థలంలో సొంత డబ్బుతో ఇల్లు కట్టుకునే పెద్దమనిషి సంగతి కాసేపు పక్కన పెట్టండి. కొత్తగా ఉద్యోగం వచ్చి, ఊరు కాని ఊరు వెళ్ళి, పదిహేను రోజుల్లో అద్దె ఇల్లు వెతుక్కోవలసిన కుర్రవాడి సంగతి చూడండి. వాడి చేతిలో ఉన్నవి నాలుగే నాలుగు విషయాలు. ఏ పేట, పనికి ఎంత దూరం, నీళ్ళు ఎలా, అద్దె ఎంత. వాస్తు చేసే పని ఆ నాలుగింటినీ వాడి చేతిలోంచి లాక్కుని ఒక దిక్సూచిని పెట్టడం. ఇది నష్టం కాదంటే మరి నష్టం అంటే ఏమిటో నాకు తెలియదు.

నేను ఈ మాట ఖరగ్‌పూర్ ఆధారంగా చెబుతున్నాను. కారణం ఉంది. మన తెలుగువాళ్ళు లక్షణంగా తమ దిక్కులు మర్చిపోయి బతికిన ఊరు అది.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో పుట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే నాటికి ఖరగ్‌పూర్ జంక్షను, దాని పక్కన కార్ఖానా లేచాయి. తూర్పు తీరం వెంబడి రైలు పట్టా పడగానే శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్ళు వేల సంఖ్యలో వెళ్ళి ఫిట్టర్లుగా, బాయిలర్ పనివాళ్ళుగా, గాంగ్‌మన్లుగా చేరారు. 1927లో అక్కడి కార్ఖానాలో జరిగిన పెద్ద సమ్మెలోనూ, లాకౌట్‌లోనూ మనవాళ్ళు ఉన్నారు. ఆ రైల్వే కార్మిక ఉద్యమ నాయకుల్లో ఒకాయన తరవాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషల్లో చోటు ఇవ్వాలని నిర్ణయించడానికి వెనక ఉన్నదీ ఈ ఊరి తెలుగు జనమే. మా నాన్న ఆ కార్ఖానాలో ఫిట్టరు. నేను పుట్టింది రైల్వే క్వార్టరులోనే.

ఆ క్వార్టర్ల సంగతే అసలు సంగతి. రైల్వే కాలనీలో ఇళ్ళు వరసలుగా ఉంటాయి. వీధికి ఇటొక వరస, అటొక వరస. ఇటు వరస తూర్పు ముఖం అయితే ఎదుటి వరస తప్పనిసరిగా పడమటి ముఖం. పైగా గోడ కలిసిన జంట క్వార్టర్లు అద్దంలో బొమ్మల్లా తిరగేసి కట్టి ఉంటాయి. ఒక ఇంట్లో వంటగది ఆగ్నేయంలో పడితే పక్కింట్లో అది ఈశాన్యంలో పడుతుంది. మరుగుదొడ్లు అయితే చెప్పనక్కర్లేదు, పారిశుధ్యపు కాలువ ఎటు ఉంటే అటే. ఇలాంటి ఇళ్ళలో నూరేళ్ళకు పైగా వేల కుటుంబాలు బతికాయి. ఎవరూ కోరి ఎంచుకున్నవి కావు. సర్వీసు, గ్రేడు, ఖాళీ చూసి రిజిస్టరులో వరస ప్రకారం ఇచ్చినవి.

ఇంతకన్నా మంచి ప్రయోగశాల వాస్తువారికి ఎక్కడ దొరుకుతుంది, చెప్పండి? ఒకే జీతం, ఒకే ఆసుపత్రి, ఒకే కొళాయి నీళ్ళు, ఒకే రేషను. తేడా అల్లా గుమ్మం దిక్కు ఒక్కటే. పైగా రైల్వేవాళ్ళు దేనికైనా కాగితం పెడతారు. ఎవరు సర్వీసులో ఉండగా పోయారు, ఎవరింట్లో కారుణ్య నియామకం జరిగింది, ఎవరు ప్రావిడెంటు ఫండులోంచి అప్పు తీశారు, ఎవరికి ప్రమోషను వచ్చింది, అన్నీ రికార్డులో ఉంటాయి. ఇన్ని పుస్తకాలు రాసిన వాస్తు పండితుల్లో ఏ ఒక్కరైనా తూర్పు వరస లెక్కా పడమటి వరస లెక్కా తీసి పక్కపక్కన పెట్టాలని అనుకున్నారా? ముప్పై అయిదేళ్ళు డిఫెన్సు అకౌంట్సులో వోచర్లు చూసినవాణ్ణి. వోచరు ఉండి కూడా చూపించని పార్టీ గురించి ఆడిటరు ఏమనుకుంటాడో అదే నేనూ అనుకుంటున్నాను.

ఆ కాలనీలో మనిషి ఎక్కడ ఉండాలో నిర్ణయించినవి వేరే ఉన్నాయి. బ్రిటిషు హయాంలో దొరలకూ ఆంగ్లో ఇండియన్లకూ విశాలమైన బంగళాలు, చెట్ల నీడ, వెడల్పు రోడ్లు. మన కూలీలకు వరస ఇళ్ళు. రంగునీ గ్రేడునీ బట్టి పేట. ఎవరి పిల్లలు బతికారు, ఎవరి పిల్లలు విరేచనాలతో పోయారు అనేది ఆ గీత చెప్పేది. ఈశాన్యపు మూల చెప్పేది కాదు.

ఇప్పుడు ఒక ఇంటి కథ. మా మేనల్లుడి కొడుక్కి ఖరగ్‌పూర్ కార్ఖానాలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయి ఏడాది. క్వార్టరు వచ్చేదాకా బయట ఉండాలి కనుక నన్ను ఇల్లు చూసిపెట్టమన్నాడు. మలంచా వైపు రెండో అంతస్తులో ఒక ఫ్లాటు చూశాను. దక్షిణం గుమ్మం, ఆ పక్కనే బాల్కనీ, కార్ఖానాకి సైకిలు మీద పావుగంట, నీళ్ళు రెండు పూటలా. ఫోటోలు పంపాను. రెండు రోజుల తర్వాత ఫోను. "తాతా, ఇల్లు బావుంది గానీ దక్షిణం గుమ్మం అంట. యముడి దిక్కు అంట. అమ్మ ఒప్పుకోట్లేదు." విశాఖపట్నంలో ఒక వాస్తు సిద్ధాంతిగారు వాట్సాప్‌లో ప్లాను చూసి తేల్చేశారట. ఇల్లు చూడలేదు, ఊరు చూడలేదు. ఫోనులోని దిక్సూచి ఫోటో ఒకటి చూశారు. కాంక్రీటులో ఇనుప చువ్వలున్న చోట, గోడలో కరెంటు తీగలున్న చోట ఆ ముల్లు ఎటు తిరుగుతుందో మీరే ఫోను పట్టుకుని గది నాలుగు మూలలా నడిచి చూడండి.

తమాషా ఏమిటంటే, బెంగాలీలు ఇల్లు వెతికేటప్పుడు మొట్టమొదట అడిగేది దక్షిణం తెరిపిగా ఉందా అని. కలకత్తాలో దక్షిణం తెరిపి ఉన్న ఫ్లాటుకి బిల్డరు ఎక్కువ ధర అడుగుతాడు, కొనేవాడు ఇస్తాడు. ఖనా అనే విదుషి పేరు మీద బెంగాల్లో తరతరాలుగా చెలామణీ అయ్యే సామెతల్లో కూడా ఇళ్ళన్నిటిలోకీ పెద్దపీట దక్షిణపు గుమ్మానిదే. తూర్పు గుమ్మం దాని కింద. ఎందుకంటే అక్కడ వేసవిలో గాలి బంగాళాఖాతం మీంచి, అంటే దక్షిణం నుంచి వీస్తుంది. ఖరగ్‌పూర్ కర్కటరేఖకు కాస్త దిగువన ఉంది. నడివేసవిలో సూర్యుడు నెత్తిమీదే ఉంటాడు కనుక దక్షిణపు గోడ మీద ఎండ పడేది తక్కువ. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు, అప్పుడు అదే గోడకి వెచ్చదనం. కాలిపోయేది పడమటి గోడ. ఇదంతా ఆ ఊళ్ళో పాన్ షాపువాడికి కూడా తెలుసు.

అంటే దిక్కుకు అర్థం లేదని నేను అనడం లేదు. గాలి, ఎండ, వాన ఏ వైపు నుంచి వస్తాయో చూసుకోవడం బుద్ధిమంతుల పని. అది ఊరు ఊరికీ మారుతుంది, కొండ పక్కన ఒకలా, సముద్రం పక్కన ఒకలా. వాస్తు ఈ మారడాన్నే ఒప్పుకోదు. ఒకే గుమ్మం బెంగాలీ కుటుంబానికి రాజయోగం, పక్క ఫ్లాటులో తెలుగు కుటుంబానికి మృత్యుద్వారం ఎలా అవుతుంది? యముడికి రెండు భాషల్లో రెండు రకాల ఉత్తర్వులు ఉన్నాయా? "అందులో గాలీ వెలుతురూ ఉంది" అనే మిత్రులు దీనికి జవాబు చెప్పాలి. గాలి వచ్చే కిటికీనే మూయించిన శాస్త్రంలో గాలి ఎక్కడుంది?

ఆ సిద్ధాంతిగారు "ఆయం కూడా కుదరలేదు" అని ఒక చీటీ పంపారు. ఇది మన సబ్జెక్టు కనుక కాస్త ఓపిక పట్టి చదవండి. నేను బి.కాం. వాణ్ణి, అంకెలంటే వదలను.

ఇంటి పొడవు వెడల్పులు గుణించి వచ్చినదాన్ని పదం అంటారు. పదాన్ని 9తో గుణించి 8తో భాగిస్తే మిగిలేది ఆయం. 1 మిగిలితే ధ్వజాయం, 2 ధూమం, 3 సింహం, 4 శ్వానం, 5 వృషభం, 6 ఖరం, 7 గజం, ఏమీ మిగలకపోతే 8 అనుకుని కాకం. బేసివి శుభం, సరివి అశుభం. సరే. 9 అంటే 8 కన్నా ఒకటి ఎక్కువ. ఏ సంఖ్యనైనా 9తో గుణించి 8తో భాగించినా, గుణించకుండా 8తో భాగించినా శేషం ఒకటే వస్తుంది. 75 తీసుకోండి. 8తో భాగిస్తే మిగిలేది 3. తొమ్మిది డెబ్భై అయిదులు 675, దాన్ని భాగిస్తే మిగిలేది మళ్ళీ 3. మరి ఆ గుణకారం దేనికి? కిరాణా బిల్లు మీద పెద్ద సంతకంలాంటిది, చూడ్డానికి బరువుగా ఉంటుంది.

తరవాత ధనం. పదాన్ని 8తో గుణించి 12తో భాగించాలి. ఈ లెక్కలో శేషం 4, 8, సున్నా తప్ప ఇంకేదీ రాదు, రాలేదు. మీ ఇల్లు పూరిపాక అయినా రాజభవనం అయినా మీ ధనం మూడు అంకెల్లో ఒకటి. ఋణం కూడా అదే పదంలోంచి, 3తో గుణించి 8తో భాగించి తీస్తారు. ఆస్తినీ అప్పునీ రెండిటినీ నేల వైశాల్యంలోంచి తీసిన బాలన్సు షీటు నేను నా సర్వీసులో చూడలేదు. ఎవరైనా నా టేబుల్ మీద పెట్టి ఉంటే వెనక్కి పంపేవాణ్ణి.

ఇంకా ఉంది. నేను చెప్పిన ఫ్లాటు లాంటిది 675 చదరపు అడుగులు ఉందనుకుందాం. శేషం 3, సింహాయం. ఇదే ఫ్లాటు చదరపు మీటర్లలో 62.7. చిల్లర వదిలేస్తే 62, శేషం 6, అంటే గాడిద. చిల్లరని పైకి సర్దితే 63, శేషం 7, ఏనుగు! గోడ ఒక్క అంగుళం కదలలేదు, జంతువు మాత్రం రెండుసార్లు మారింది. "అడుగుల్లో, మీటర్లలో కాదు, మూరల్లో చూడాలి" అంటారు. ఎవరి మూర? యజమాని చేతి మూర అంటారు కొందరు. అద్దె ఇంట్లో యజమాని ఎవరు, ఇల్లుగలాయనా, అద్దెకున్నవాడా? ఫ్లాట్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. కార్పెట్ ఏరియా, బిల్టప్ ఏరియా, సూపర్ బిల్టప్ ఏరియా అని ఒకే ఇంటికి మూడు వైశాల్యాలు. ఈ గందరగోళంలో జనం మోసపోతున్నారనే 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించి, దాన్ని బయటపెట్టాలని బిల్డర్లకు చెప్పింది. వాస్తుకి ఏ ఏరియా లెక్క? మెట్లలో నా వాటా కలిపితే నేను సింహమా, కలపకపోతే గాడిదనా?

"మీరు ఇవాళ్టి వ్యాపారుల్ని చూసి మాట్లాడుతున్నారు, ప్రాచీన గ్రంథాలు చూడండి" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. చూశాను. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తు విద్య మీద ఒక అధ్యాయం ఉంది. తెల్లమన్ను నేల బ్రాహ్మణుడికి, ఎర్రది క్షత్రియుడికి, పసుపుపచ్చది వైశ్యుడికి, నల్లది శూద్రుడికి మంచిదట. నేల వాలు కూడా ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అని అదే వరసలో. ఇంటి వెడల్పు బ్రాహ్మణుడికి 32 మూరల దగ్గర మొదలై వర్ణం దిగేకొద్దీ నాలుగేసి తగ్గుతుంది. ఖరగ్‌పూర్ నేలంతా ఎర్రమట్టి. శాస్త్రాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే క్షత్రియులు తప్ప మిగిలినవాళ్ళంతా, 1951లో అక్కడ మొదలైన ఐ.ఐ.టి.తో సహా, పెట్టే బేడా సర్దుకోవాలి. మన సిద్ధాంతులు ఈ భాగాన్ని ఎందుకు చెప్పరు? చెబితే కక్షిదారుల్లో నాలుగింట మూడొంతులు పోతారు కనుక. దిక్కుల్ని ఉంచుకుని కులాన్ని కిటికీలోంచి పారేసినట్టు నటిస్తారు గానీ, ఇల్లు అద్దెకి ఇచ్చేవాళ్ళు "మీరేమిట్లు?" అని అడిగే ప్రశ్నలో అది గుమ్మంలోంచి లోపలికి వస్తూనే ఉంది. "ఈ ఇల్లు మీకు అచ్చిరాదండీ, వాస్తు మీ పేరుకి కుదరదు" అని చెప్పి వద్దనుకున్న కులంవాణ్ణీ మతంవాణ్ణీ మర్యాదగా పంపించిన ఇంటి ఓనర్లను నేను చూశాను. మొహం మీద కాదనడానికి లేని ధైర్యాన్ని వాస్తు అప్పిస్తుంది.

చదువుకోనివాళ్ళ సంగతి అనుకునేరు. తెలంగాణలో పాత సచివాలయం వాస్తు బాగాలేదని 2015లోనే దాన్ని వేరేచోటికి మార్చే ఆలోచన నడిచింది. ముఖ్యమంత్రికి కొత్త అధికార నివాసం 2016లో తయారైంది. 2020లో పాత సచివాలయాన్ని పడగొట్టి, 2023 ఏప్రిల్ 30న కొత్తది తెరిచారు. అంతా వాస్తు ప్రకారమే. ఆ డిసెంబరులో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. ఏ పార్టీ మీదా నాకు అభిమానమూ లేదు, కసీ లేదు. గెలిచి ఉంటే మాత్రం ఆ గెలుపుని ఈశాన్యం ఖాతాలో జమ వేసేవారా, లేదా? జమ వేసే పుస్తకంలో ఖర్చు పేజీ కూడా ఉండాలి.

మావాడి ఇంటి సంగతికి వస్తాను. దక్షిణం గుమ్మం ఇల్లు వదులుకున్నారు. తూర్పు గుమ్మం ఇల్లు ఒకటి దొరికింది. పల్లపు వీధి, కింది అంతస్తు, పడకగదికి పడమటి గోడ, కార్ఖానాకి నలభై నిమిషాలు. అద్దె వెయ్యి రూపాయలు ఎక్కువ, "వాస్తు ఇల్లు" కదా. సిద్ధాంతిగారికి వేరే దక్షిణ. ఆ దక్షిణం మాత్రం ఎవరికీ అశుభం కాదు! జూలైలో వీధి నీళ్ళు గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చాయి. నాలుగు నెలల గర్భిణి ఇటుకల మీద గ్యాసు బండ ఎక్కించుకుని వంట చేసింది. ఆగస్టులో గర్భం నిలవలేదు.

వాననీళ్ళ వల్లే పోయిందని నేను అనను. అలా అంటే వాస్తువారికీ నాకూ తేడా ఉండదు. తెలిసిన గర్భాల్లో పదింటికి ఒకటికి పైనే ఇలా పోతాయి, చాలాసార్లు ఎవరి తప్పూ ఉండదు. డాక్టరు ఆ అమ్మాయికి అదే చెప్పింది. నా కోపం ఆ తర్వాత జరిగిన దాని మీద. ఫోను మళ్ళీ విశాఖపట్నం వెళ్ళింది. ఇల్లు తానే ఒప్పుకున్నది కనుక ఇంటిలో దోషం లేదట. అమ్మాయి జాతకంలో చూడాలట. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఒళ్ళు ఇంకా తేరుకోలేదు, ఆ మాట స్పీకరు ఫోనులో విన్నది. సస్పెన్సు ఖాతా అని మా లెక్కల్లో ఒకటి ఉంటుంది, ఎక్కడా సర్దలేని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో పడేస్తారు. వాస్తు లెక్కల్లో ఆ ఖాతా పేరు ఇంటి కోడలు. మంచి జరిగితే ఇంటి వాస్తు, చెడు జరిగితే ఆమె అడుగు. "ఎవరికి నష్టం?" అనే మిత్రులు ఆ అమ్మాయి ఎదుట కూర్చుని ఆ ప్రశ్న ఒకసారి వేసి చూడండి.

ఇలాంటి ఊరికి ఉద్యోగానికి వెళ్ళే పిల్లలు ఎవరైనా నన్ను అడిగితే చెప్పేది ఇదీ. ఇంటిని మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి చూడండి. గోడల అడుగున నీళ్ళు నిలిచిన మచ్చ ఉందా, సున్నం కొత్తగా కొట్టి దాన్ని కప్పారా చూడండి. స్నానాలగదిలో బకెట్టు అడుగు ఎర్రబారి ఉంటే నీళ్ళలో ఇనుము ఉన్నట్టు. మున్సిపాలిటీ కొళాయా, బోరా, ఎన్ని గంటలు వస్తాయో ఓనర్ని కాదు, పక్కింటివాళ్ళని అడగండి. ఇంటికీ కార్ఖానాకీ మధ్య రైలు గేటు ఉంటే ఆ గేటు దగ్గర పొద్దున్న ఏడున్నరకి నిలబడి గడియారం చూసుకోండి. వైశాఖంలో కాలబైశాఖి గాలివాన వస్తే కిటికీ తలుపులు నిలుస్తాయా చూడండి. దోమల సంగతి, డెంగీ సంగతి వీధిలో మందుల షాపువాడికి తెలుస్తుంది. ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలుసుకోండి, ఏడాది దాటితే రిజిస్ట్రేషను చెయ్యాలి కనుక. అద్దెకీ అడ్వాన్సుకీ రసీదు తీసుకోండి. ఇవేవీ ఏ పంచాంగంలోనూ లేవు, అందుకే వీటికి దక్షిణ కూడా లేదు.

అన్నట్టు, ఈ పట్టింపు ఎంత గట్టిదో కూడా తెలిసిపోయింది. మొన్న మావాడికి క్వార్టరు వరస వచ్చింది. గుమ్మం దక్షిణం. కాదంటే వరస పోతుంది, ఇంటి అద్దె భత్యానికీ ఎసరు రావచ్చు. వాళ్ళ అమ్మ ఈసారి విశాఖపట్నం ఫోను చెయ్యలేదు. పాలు పొంగించమని పంపింది, అంతే.

ఇక వాస్తు పండితులకు ఒక మాట. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఎదురెదురు వరసల్లో ఉండి రిటైరయిన నలభై కుటుంబాలు తమ ఇంటి సంగతులు చెప్పడానికి ఒప్పుకునేలా చూసే బాధ్యత నాది. పేర్లు తీసేసి, నలభై ఇళ్ళ ప్లానులు, దిక్కులు, కొలతలు మీకు ఇస్తాను. ఏ ఇంట్లో అకాల మరణం జరిగింది, ఏ ఇల్లు అప్పులపాలైంది, ఏ ఇంటి పిల్లలు పైకి వచ్చారు, మీరు ముందుగా రాసి కవరులో పెట్టి సీలు వేసి ఇవ్వండి. ఇద్దరికీ ఇష్టమైన మూడో మనిషి తెరుస్తాడు. అవే నలభై ఇళ్ళకు నేను రూపాయి బిళ్ళ ఎగరేసి మరో కాగితం రాస్తాను. బిళ్ళ కంటే మీకు ఎక్కువ సరిపోతే మీ మామూలు ఫీజుకి రెట్టింపు నా పెన్షనులోంచి ఇస్తాను, రసీదు తీసుకుని.